కాన్ఫిగరేషన్ ఫైళ్లను గిట్‌లో ఉంచినప్పుడు వచ్చే చిక్కులు: సమస్య - పరిష్కారం

సమస్య: సెట్టింగు మార్చారు, ప్రోగ్రాములో ఆ మార్పు కనిపిస్తోంది, కానీ ‘గిట్ స్టేటస్’ (ఏ ఫైళ్లు మారాయో చూపే ఆదేశం) మాత్రం మారినదేమీ లేదంటోంది.

కారణం: సాధారణంగా అసలు ఫైలును రిపాజిటరీలో (గిట్ మార్పుల చరిత్రను దాచే డైరెక్టరీలో) ఉంచి, హోమ్ డైరెక్టరీలో దానికి సింబాలిక్ లింకు (అసలు ఫైలు ఎక్కడుందో చూపే గుర్తు) పెడతాం. అయితే కొన్ని ప్రోగ్రాములు సేవ్ చేసేటప్పుడు ఉన్న ఫైలులోనే రాయకుండా, ఒక తాత్కాలిక ఫైలు తయారుచేసి దానికి పాత ఫైలు పేరు పెడతాయి. దాంతో లింకు పోయి, ఆ చోట మామూలు ఫైలు వచ్చి చేరుతుంది. రిపాజిటరీలోని ఫైలు నిజంగానే మారలేదు కాబట్టి గిట్ చెబుతున్నది సరైనదే.

పరిష్కారం: హోమ్ డైరెక్టరీలో ‘ఎల్ఎస్ -ఎల్ఏ’ నడిపి, ఆ ఫైలు వరుసలో మొదటి అక్షరం చూడండి. అక్కడ ‘ఎల్’ ఉండి చివర బాణం గుర్తు కనిపిస్తే లింకు ఉన్నట్టు. అడ్డగీత ఉంటే తెగినట్టు. తెగిందని తెలియగానే లింకును బలవంతంగా మళ్లీ పెట్టకండి, కొత్త మార్పులన్నీ ఆ ఒక్క ఆదేశంతో పోతాయి. ముందు రెండు ప్రతులను ‘డిఫ్’తో పోల్చి, కావలసినవి రిపాజిటరీలోకి తెచ్చి, కమిట్ చేశాకే (చరిత్రలో నమోదు చేశాకే) లింకు పెట్టాలి. అదే ప్రోగ్రాము పదే పదే లింకును తెంపుతుంటే, ఫైలుకు బదులు అది ఉన్న డైరెక్టరీకే లింకు పెట్టి, అందులోని క్యాష్ ఫైళ్లను గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) చేర్చడం మేలని నా అభిప్రాయం.

సమస్య: హోమ్ డైరెక్టరీనే వర్క్ ట్రీగా (ఫైళ్లు ఉండే చోటుగా) పెట్టుకునే బేర్ రిపాజిటరీ (చరిత్రను మాత్రమే దాచేది) పద్ధతిలో, కొత్త కంప్యూటరులో చెకౌట్ (రిపాజిటరీ నుంచి ఫైళ్లను బయటికి తీయడం) ఆగిపోతుంది.

సిస్టమ్ ముందే సృష్టించిన డాట్ బాష్‌ఆర్‌సీ వంటి ఫైళ్లపై రాయడానికి గిట్ ఒప్పుకోకపోవడమే కారణం. వాటిని వేరే డైరెక్టరీలోకి తరలించి మళ్లీ చెకౌట్ చేస్తే సరిపోతుంది.

సమస్య: ఇంటి కంప్యూటరులో చేసే కమిట్లలో ఆఫీసు ఈమెయిల్ పడుతోంది.

యంత్రాన్ని బట్టి మారే విలువలు ఉమ్మడి ఫైలులో ఉండటమే దీనికి మూలం. గిట్‌కాన్ఫిగ్ చివర ‘ఇన్‌క్లూడ్’ విభాగం పెట్టి, ఈమెయిల్‌ను రిపాజిటరీలో చేర్చని స్థానిక ఫైలులోకి మార్చండి. ఆ స్థానిక ఫైలు ఏదైనా యంత్రంలో లేకపోయినా గిట్ దాన్ని మౌనంగా దాటిపోతుంది.

సమస్య: పాస్‌వర్డో, టోకెనో (పాస్‌వర్డులా వాడే రహస్య సంకేతం) పొరపాటున పబ్లిక్ రిపాజిటరీలోకి వెళ్లింది.

దయచేసి ఇందులో ఆలస్యం చేయకండి. ఫైలును తొలగించి కమిట్ చేసినా అది చరిత్రలో అలాగే ఉంటుంది. మొదట ఆ టోకెన్‌ను రద్దుచేసి కొత్తది తీసుకోవాలి, పాస్‌వర్డయితే మార్చాలి. ‘గిట్ ఫిల్టర్-రెపో’తో చరిత్రను శుభ్రపరచడం ఆ తరువాతి పని, ఎందుకంటే ఈలోగా ఎవరైనా క్లోన్ చేసి (రిపాజిటరీ మొత్తాన్ని తమ దగ్గరికి కాపీ చేసుకుని) ఉంటే వారి ప్రతిని మనం చెరపలేం.

సమస్య: చెకౌట్ చేశాక ఎస్ఎస్‌హెచ్ (వేరే యంత్రానికి సురక్షితంగా కలిపే ప్రోగ్రాము) తన కాన్ఫిగ్ ఫైలు అనుమతులు సరిగా లేవంటూ ఆగిపోతుంది.

ఫైలు అనుమతుల్లో గిట్ గుర్తుపెట్టుకునేది ఎగ్జిక్యూట్ బిట్ (ఫైలును ప్రోగ్రాములా నడిపే అనుమతి) ఒక్కటే. మిగిలినవి ఆ యంత్రపు యూమాస్క్‌ను (కొత్త ఫైళ్ల అనుమతులను నిర్ణయించే సెట్టింగును) బట్టి వస్తాయి. గ్రూపుకు రాసే అనుమతి వచ్చిన కాన్ఫిగ్ ఫైలును ఎస్ఎస్‌హెచ్ తిరస్కరిస్తుంది. ‘సీహెచ్‌మాడ్ 600’తో సరిచేసి, ఆ ఆదేశాన్ని ఇన్‌స్టాల్ స్క్రిప్టులోనే రాసి ఉంచండి.