పిల్లలకు అమికాసిన్ ఇస్తున్నప్పుడు కిడ్నీలు దెబ్బతినకుండా

అమికాసిన్ కిడ్నీలను దెబ్బతీయగల యాంటీబయాటిక్ ఇంజెక్షన్. మొదటి డోసు రోజునే బరువు, ఎత్తు, సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) కేస్ షీట్‌లోకి ఎక్కాలి. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ప్రాణాపాయంగా మారడం) అనుమానముంటే రిపోర్టు కోసం మొదటి డోసు ఆపకండి, కానీ రెండో డోసుకల్లా అది చేతిలో ఉండాలి.

ఎత్తు ఎందుకంటే, ల్యాబ్ కాగితం మీద అచ్చయ్యే నార్మల్ రేంజ్ చాలాసార్లు పెద్దవాళ్లది. ఏడాది దాటిన పిల్లలకు 0.413ను సెంటీమీటర్లలో ఎత్తుతో గుణించి, క్రియాటినిన్‌తో (మి.గ్రా./డె.లీ.) భాగించండి; కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం (జీఎఫ్‌ఆర్) అంచనాగా వస్తుంది. 100 సెం.మీ. పాపకు క్రియాటినిన్ 0.4 ఉంటే 103 వస్తుంది. 0.8 ఉంటే 52, అంటే కిడ్నీ పని సగానికి పడిపోయినట్టే. బాగా బక్కచిక్కిన పిల్లల్లో కండ ఉండదు కనుక క్రియాటినిన్ తక్కువే చూపిస్తుంది, అక్కడ ఈ లెక్కను పూర్తిగా నమ్మలేం.

నెల దాటి, కిడ్నీలు బాగున్న పిల్లలకు సాధారణంగా కిలోకు 15 మి.గ్రా., రోజుకు ఒకేసారి. పొరపాటు ఎక్కువగా జరిగేది వయల్ (మందు సీసా) దగ్గర. అదే 2 మి.లీ.లో 100, 250, 500 మి.గ్రా. వయల్స్ దొరుకుతాయి. 12 కిలోల బాబుకు 180 మి.గ్రా. అంటే 500 వయల్ నుంచి 0.72 మి.లీ., 100 వయల్ నుంచైతే 3.6 మి.లీ. ఆర్డర్‌లో మి.లీ. మాత్రమే రాస్తే ఐదు రెట్లు వెళ్లిపోవచ్చు. మి.గ్రా.లోనే రాయండి, లేబుల్ ఇద్దరు చదవండి. సెలైన్‌లో కలిపి 30–60 నిమిషాల్లో ఎక్కించాలి.

మూత్రం బాగా వస్తోందని నిశ్చింతగా ఉండొద్దు. ఈ మందు కిడ్నీ నాళికల కణాల్లో పేరుకుంటుంది. దెబ్బతిన్నా మూత్రం తగ్గకపోవచ్చు, ఒక్కోసారి ఎక్కువే పోస్తారు. అయినా డైపర్ తూచాల్సిందే: తడి బరువులోంచి పొడి బరువు తీసేస్తే, గ్రాముకు ఒక మి.లీ. గంటకు కిలోకు 1 మి.లీ. కంటే తగ్గితే డాక్టర్‌కు చెప్పండి.

క్రియాటినిన్ రెండు మూడు రోజులకోసారి చూడాలి. కిడ్నీలకు ముప్పు పెంచే వాంకోమైసిన్, ఆంఫోటెరిసిన్ లేదా ఫ్యూరోసెమైడ్ కూడా నడుస్తుంటే రోజూ. జ్వరానికి కిడ్నీలను దెబ్బతీయగల ఐబుప్రోఫెన్ వద్దు, పారాసిటమాల్ చాలు. క్రియాటినిన్ 48 గంటల్లో 0.3 మి.గ్రా./డె.లీ. పెరిగినా, మొదటిదానికి ఒకటిన్నర రెట్లయినా తర్వాతి డోసు ఆపి డాక్టర్‌ను పిలవండి. రక్తంలో అమికాసిన్ లెవెల్ కొలిచే ల్యాబ్ ఉంటే, డోసుకు ముందు, మందు ఎక్కించే లైన్ కాకుండా వేరే చోట నుంచి రక్తం తీయండి. లీటరుకు 5 మి.గ్రా. లోపు ఉండాలి.

అన్నిటికన్నా పనికొచ్చేది రోజులు తగ్గించడం. ముప్పు 5–7 రోజులు దాటాక బాగా పెరుగుతుంది. 48 గంటలకు కల్చర్ (క్రిములు పెరుగుతున్నాయేమో చూసే పరీక్ష) నెగటివ్ వచ్చి బిడ్డ కోలుకుంటుంటే ఇంకా ఎందుకిస్తున్నామని రౌండ్స్‌లో అడగాలి. ఆపేశాక కూడా క్రియాటినిన్ కొన్ని రోజులు పెరగొచ్చు. డిశ్చార్జ్ షీట్‌లో మళ్లీ పరీక్ష చేయించాల్సిన తేదీ రాసి పంపండి.