అటక నిచ్చెన బిగించే ముందు జాగ్రత్తలు

రంపం పట్టేముందు అటక ఎత్తును రెండు చోట్ల కొలవండి. నేల వాలుంటే అప్పుడే బయటపడుతుంది.

• కాళ్లు ఆనే దూరం ఎత్తులో నాలుగో వంతు: 8 అడుగులకు 2 అడుగులు. చోటు చాలదని నిటారుగా నిలబెడితే ఎక్కేవాళ్ల బరువు వెనక్కి లాగుతుంది. అలా నిలబెట్టే బదులు, పైన కొక్కేలు పెట్టి, పనయ్యాక నిచ్చెన తీసి గోడకు తగిలించుకోవడం మేలు.

• పక్క కర్రల్లో చెక్క పోగు ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా సాగాలి. అంచున ముడి ఉన్న ముక్కను మొహమాటం లేకుండా పక్కన పెట్టండి, విరిగేది అక్కడే. పచ్చి చెక్కా వద్దు. ఆరేకొద్దీ కుంచించుకుపోయి గాడిలో మెట్టు వదులవుతుంది, కాలు పెడితే కిర్రుమంటుంది.

• మెట్ల మధ్య ఎడం 10 నుంచి 12 అంగుళాలు, అన్నిటికీ ఒకటే. చివరి మెట్టు దగ్గర అర అంగుళం సర్దేయకండి. దిగేటప్పుడు కాలికి కళ్లుండవు, అలవాటైన ఎడాన్నే వెతుక్కుంటుంది.

• బరువు మోయాల్సింది గాడి, స్క్రూ కాదు. స్క్రూకి ముందు సన్న బెజ్జం వేయకపోతే కొస చీలుతుంది.

• కొక్కేలు గట్టి దూలంలోకే దిగాలి, సీలింగ్ పలకలోకి కాదు.

• మెట్ల మీద మెరుపు వార్నిష్ జారుతుంది. రంగేమో పగుళ్లను దాచేస్తుంది. నూనె పట్టిస్తే చాలు.

• కాళ్ల అడుగున రబ్బరు ముక్కలు తప్పనిసరి.