అద్దె ఫ్లాటులో ఆకుకూరల పెంపకం: నేల మరకలు, పంపు మోత – సమస్యలు, పరిష్కారాలు

విజయవాడలో మే నెల ఎండలకు బాల్కనీలోని పాలకూర, పుదీనా, కొత్తిమీర నిలవవు. అందుకే ఇంట్లోనే ఒక గదిని ఎంచుకుని, ఎల్‌ఈడీ దీపాల కింద, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ట్రేలలోనో నీళ్ల తొట్లలోనో ఆకుకూరలు పెంచుకునేవారు పటమటలోనూ మొగల్రాజపురంలోనూ కనిపిస్తున్నారు. సొంత ఇల్లయితే మరక పడినా, పంపు మోగినా మన ఇష్టం. అద్దె ఇంట్లో మాత్రం మరకకు అడ్వాన్సులో కోత పడుతుంది, మోతకు కింది వాటావారితో మాట పడవలసి వస్తుంది. ఈ రెండింటికీ మూలం చాలావరకు ఒక్కటే: కుండీ, తొట్టి, పంపు, స్టాండు నేరుగా నేలను తాకి ఉండడం. కింద వివరించిన పరిష్కారాలలో అధికభాగం ఆ తాకిడిని తప్పించేవే.

గ్రానైటు మీద, టైల్సు మీద తెల్లని వలయాలు

కుండీ జరిపిన చోట సున్నం గీసినట్లు తెల్లని గుండ్రని గుర్తు కనిపిస్తే, అది బోరు నీటిలోని లవణాల పని. కుండీ అడుగునుంచి కారిన నీరు ఆవిరైపోతుంది గాని అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు నేలపైనే మిగిలిపోతాయి. మట్టి కుండీలలో ఇది మరింత ఎక్కువ, ఎందుకంటే వాటి గోడల నుంచి కూడా నీరు చెమర్చి లవణాలను బయటకు తెస్తుంది.

గ్రానైటు, విట్రిఫైడ్ టైల్సు అయితే ఒక వంతు తెల్ల వెనిగరుకు మూడు వంతుల నీరు కలిపి, ముందుగా మంచం కిందో బీరువా వెనుకో చిన్న చోట పరీక్షించి, తరువాత మరక మీద ఐదు నిమిషాలు తడిగుడ్డ వేసి తుడవాలి. ఆపై మంచినీటితో రెండుసార్లు కడగాలి, లేకపోతే టైల్సు మధ్య సందుల్లోని సిమెంటు దెబ్బతింటుంది.

పాలరాయి అయితే ఈ పద్ధతి పూర్తిగా నిషిద్ధం. పాతపేటల ఇళ్లలో ఇప్పటికీ ఉన్న మొజాయిక్ నేలకు కూడా ఇదే వర్తిస్తుంది, ఎందుకంటే అందులో ఉన్నవి పాలరాతి ముక్కలూ సిమెంటే. పాలరాయి కాల్షియం కార్బొనేటు కాబట్టి వెనిగరు, నిమ్మరసం, బాత్‌రూములు కడిగే యాసిడ్ మరకతోపాటు రాతి మెరుపును కూడా తినేస్తాయి. ఆ మెరుపు మళ్లీ రావాలంటే పాలిషింగు మిషను తెప్పించడం తప్ప దారి లేదు. యాసిడ్ సీసా ప్రతి కిరాణా కొట్టులోనూ దొరుకుతుంది కాబట్టి ఇల్లు ఖాళీ చేసే వారంలో తొందరపడి వాడేవారు చాలామంది. వారికి ఈ మాట గట్టిగా చెప్పవలసి ఉంది: మరక ఉన్న పాలరాయికి ఇంకా ఉపాయం ఉంటుంది, యాసిడ్ పడ్డ పాలరాయికి ఇంట్లో చేసుకునే ఉపాయం ఉండదు. లేతరంగు పాలరాయి మీద తెల్లని లవణాలు ఉంటే పలుచని ప్లాస్టిక్ బద్దతో మెల్లగా గీకి, సబ్బునీటితో కడగాలి.

ఇకపై మరక పడకుండా ఉండాలంటే కుండీని పళ్లెంలో పెట్టినంత మాత్రాన సరిపోదు. ఆ పళ్లెం కూడా నేల నుంచి కనీసం రెండు అంగుళాల ఎత్తున, కింద గాలి ఆడేలా ఉండాలి. నేల మీద ప్లాస్టిక్ పట్టా పరిచి పైన కుండీలు పెట్టడం చాలా ఇళ్లలో కనిపించే పద్ధతి. పట్టా కిందికి చేరిన నీరు ఆరే దారి లేక రోజుల తరబడి అక్కడే నిలిచి, కనబడకుండా టైల్సు సందులను నల్లబరుస్తుంది. కప్పిన నేల కన్నా, ఎత్తిన కుండీ కింద కళ్లకు కనబడే నేలే భద్రంగా ఉంటుంది.

గోధుమరంగు, ఎరుపు మరకలు

గోధుమరంగు మరక కోకోపీట్ నుంచి దిగే కషాయం లాంటి నీటిది. కోకోపీట్ ఇటుకను వాడకముందు బకెట్‌లో నానబెట్టి, పిండి, నీరు తేటగా వచ్చేవరకు మూడు నాలుగుసార్లు మార్చితే రంగుతోపాటు ఉప్పు కూడా పోతుంది. మరక అప్పటికే పాలరాతిలోకి ఇంకి ఉంటే, వంటసోడాను హైడ్రోజన్ పెరాక్సైడుతో ముద్దగా కలిపి మరకపై పూసి, పాలిథీన్ కవరు కప్పి ఒక రోజు ఉంచి తీసివేయాలి. అవసరమైతే మళ్లీ చేయాలి. ముదురు రంగు రాయి మీద పెరాక్సైడు వాడకూడదు, రాయి రంగు తేలిపోయే ప్రమాదం ఉంది.

ఎర్రని చుక్కలు నాలుగు మూలలా సమదూరంలో ఉంటే అవి ఇనుప స్టాండు కాళ్ల తుప్పు. కాళ్లకు తొడుగులు వేయాలి. అయితే నేల మీద వినైల్ షీటు ఉంటే రబ్బరు తొడుగులు, రబ్బరు మ్యాట్లు నేరుగా తగలనీయకూడదు. రబ్బరులోని రసాయనాలు వినైల్‌లోకి దిగి పసుపు మచ్చ వేస్తాయి, ఆ మచ్చ దేనికీ పోదు. అక్కడ ఫెల్టు ముక్కలో గట్టి ప్లాస్టిక్ తొడుగులో వాడాలి.

కార్పెట్ తడిసి ముక్కిపోయిన వాసన

మన ప్రాంతపు ఇళ్లలో కార్పెట్ తక్కువే అయినా, ఒకప్పుడు ఆఫీసుగా నడిచిన ఫ్లాట్లలో గోడ నుంచి గోడ వరకు అంటించిన కార్పెట్ అక్కడక్కడా ఉంది. దానిపై నీరు ఒలికితే రుద్దకుండా పొడి తువ్వాళ్లతో అదిమి పీల్చాలి, అంచు లేవనెత్తి పైనా కిందా ఫ్యాను గాలి తగిలేలా చేయాలి. ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా ఆరకపోతే బూజు పట్టడం మొదలవుతుంది. కింద స్పాంజి పొర ఉంటే వానాకాలపు తేమలో అది తనంతట తాను ఆరదు. అలాంటి గదిలో అంచులున్న పెద్ద ట్రే లేకుండా నీళ్ల తొట్టి పెట్టనేకూడదు.

ట్రే ఎంత ఉండాలన్నది ఊహకు వదలవలసిన విషయం కాదు. తొట్టిలోని నీరంతా ఒక్కసారిగా కారినా పట్టాలి. 90 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల అంచు ఉన్న ట్రే 27 లీటర్లు పడుతుంది కాబట్టి 20 లీటర్ల తొట్టికి అది చాలు. చెక్కలా కనిపించే లామినేట్ నేలకూ ఇదే నియమం, ఎందుకంటే దాని అతుకులలోకి నీరు దిగితే లోపలి చెక్కపొట్టు పలక ఉబ్బుతుంది, ఉబ్బినది మళ్లీ అణగదు.

కరెంటు పోయినప్పుడల్లా నేలంతా నీరు

తొట్టికి చిల్లు లేదు, పళ్లెం పొంగలేదు, అయినా కరెంటు పోయి వచ్చేసరికి గది తడిగా ఉంటుంది. ఇది ఎయిర్ పంపు పెట్టిన చోటి దోషం. నీటిలోకి గాలి కొట్టే చిన్న పంపును నేల మీదనో, తొట్టి మట్టం కన్నా కిందనో పెడితే, పంపు ఆగగానే గాలి గొట్టంలోకి నీరు వెనక్కి ఎక్కి, ఒకసారి అంచు దాటాక ధార తెగకుండా పంపులోకీ, అక్కడి నుంచి నేలకూ దిగుతుంది. పంపు కూడా చెడిపోతుంది, షాకు కొట్టే ప్రమాదమూ ఉంటుంది.

పంపును నీటిమట్టం కన్నా పైన ఉంచడం మొదటి పరిష్కారం. రెండవది, అక్వేరియం షాపులలో తక్కువ ధరకు దొరికే వన్‌వే వాల్వును గొట్టం మధ్యలో తగిలించడం. దానిని తిరగేసి పెడితే గాలే వెళ్లదు కాబట్టి, తగిలించిన వెంటనే బుడగలు వస్తున్నాయో లేదో చూడాలి. రెండూ చేయడమే ఉత్తమం. ప్లగ్గుకు వెళ్లే వైరు సాకెట్టు కన్నా కిందికి వంపు తిరిగి మళ్లీ పైకి లేచేలా వదిలితే, వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

మన గదిలో నిశ్శబ్దం, కింది ఫ్లాటులో గుయ్యిమనే మోత

ఇది విన్నవారికి నమ్మశక్యంగా ఉండదు గాని చాలా సహజం. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో వస్తుంది, ఎయిర్ పంపులోని అయస్కాంతపు చేయి ఆ లెక్కనే అదురుతుంది. ఆ అదురు గాలిలోకి వెళ్లేది కొంచెమే. స్టాండు కాళ్ల ద్వారా శ్లాబులోకి దిగితే మాత్రం కింది గది పైకప్పు మొత్తం పలుకుతుంది. పంపును చేత్తో గాలిలోకి ఎత్తి పట్టుకుని కింది వారిని వినమంటే, మోత ఆగిందో లేదో నిమిషంలో తెలిసిపోతుంది. ఆగితే కారణం ఇదే.

గ్రానైటు షాపులో మిగిలిన తునక ఒకటి తెచ్చి, దాని కింద రెండంగుళాల స్పాంజి ముక్క వేసి, పైన పంపు పెట్టాలి. బరువైన రాయి అదురును నిలువరిస్తుంది, స్పాంజి మిగిలినదానిని నేలకు చేరనీయదు. రాయి లేకుండా ఉత్త స్పాంజి వేస్తే ఫలితం అంతగా ఉండదు. అంతకన్నా సులువుగా, పంపును ఎలాస్టిక్ తాడుతో కొక్కేనికి వేలాడదీయవచ్చు. గాలి గొట్టం గోడకు ఆనుకుంటే అదే దారిన మోత వెళుతుంది, అది కూడా వదులుగా ఉండాలి.

కొద్ది నెలలు నెమ్మదిగా నడిచిన పంపు క్రమంగా గట్టిగా మోగుతుంటే, గొట్టం కొసన నీటిలో ఉండి గాలిని బుడగలుగా వదిలే ఎయిర్ స్టోన్ రంధ్రాలు లవణాలతో పూడి పంపుకు ఎదురొత్తిడి పెరిగిందని అర్థం. ఆ రాయిని వెనిగరులో రాత్రంతా నానబెట్టి కడగాలి, పాతదైతే మార్చేయాలి. అప్పటికీ తగ్గకపోతే లోపలి రబ్బరు పొర సాగిపోయి ఉంటుంది.

శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి. అలాగని రాత్రిపూట ఎయిర్ పంపును ఆపివేయడం ఎండాకాలంలో మంచిది కాదు. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టగలిగితే, 30 డిగ్రీల నీరు 7.5 దాకానే పడుతుంది. నిలిచిన వెచ్చని నీటిలో వేర్లు కుళ్లుతాయి. కాబట్టి పంపును ఆపడం కాదు, దాని అదురును ఆపాలి. నీరు తిప్పే సబ్‌మెర్సిబుల్ పంపును మాత్రం టైమరుతో పగటికి పరిమితం చేయవచ్చు.

ఫ్యాను, ఇన్వర్టరు, నీటి చప్పుడు

చిన్న ఎగ్జాస్టు ఫ్యానును పూర్తి వేగంతో తిప్పడం కన్నా, పెద్ద ఫ్యానును నెమ్మదిగా తిప్పితే అంతే గాలి ఎంతో తక్కువ చప్పుడుతో వస్తుంది. రెగ్యులేటరు తగ్గించగానే ఫ్యాను గుయ్యిమంటే దోషం ఫ్యానుది కాదు. మెట్లు లేకుండా తిరిగే బటను రకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు కరెంటు తరంగాన్ని తెగ్గొట్టి పంపుతుంది. దాని స్థానంలో కెపాసిటర్ రకం స్టెప్ రెగ్యులేటరు వేయిస్తే ఆ మోత పోతుంది. పాతది దాచి, ఖాళీ చేసేటప్పుడు తిరిగి బిగించాలి. కరెంటు పోయినప్పుడు మాత్రమే ఫ్యానులు, పంపులు మోగితే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు లక్షణం. సైన్ వేవ్ ఇన్వర్టరు మీద ఆ మోత ఉండదు.

తొట్టిలోకి నీరు ధారగా పడే చప్పుడు రాత్రి రెట్టింపుగా వినిపిస్తుంది. తిరుగు గొట్టం కొసను నీటిమట్టానికి వేలెడంత పైకి దింపి, తొట్టి లోపలి గోడకు ఆనించితే నీరు గోడ వెంట జారుతుంది. కొసను నీటిలో ముంచితే చప్పుడు పూర్తిగా పోతుంది గాని, పంపు ఆగినప్పుడు ఆ గొట్టం నీటిని వెనక్కి లాగవచ్చు. ముంచక తప్పనప్పుడు, నీటిమట్టానికి కొంచెం పైన గొట్టానికి సన్నని రంధ్రం ఒకటి వేస్తే అందులోంచి గాలి చొరబడి ఆ లాగుడు తెగిపోతుంది.