మోత వెనక, మూలం ముందు: ఆక్టేవియా ఆర్‌ఎస్ ఎగ్జాస్ట్ సమస్యలు - పరిష్కారాలు

మనవాళ్లకు ఇంజిన్ దగ్గర్నుంచి వెనక బంపర్ దాకా ఉన్న పొగ గొట్టమంతా (ఎగ్జాస్ట్) ‘సైలెన్సరే’. అందుకే చప్పుడు మారగానే వెనక డబ్బా మార్పించేస్తాం. నేనూ ఒకసారి ఆ పని చేశాను. దోషం టర్బో (పొగ తోపుతో తిరిగి ఇంజిన్‌కు గాలి ఎక్కువగా అందించే పంకా) పక్కనున్న ఒక క్లాంపుదని డబ్బు వదిలాక తెలిసింది. పొగ నడిచే దారిలోనే, ముందు నుంచి వెనక్కి వెతకాలి.

మన దగ్గర 2017లో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కారునే తీసుకుందాం. 2.0 లీటర్ల టర్బో పెట్రోల్, 230 హార్స్‌పవర్. సిలిండర్ హెడ్ (ఇంజిన్ పైభాగం) తర్వాత టర్బో, దానికి బిగించిన డౌన్‌పైప్ అనే గొట్టం, అందులోనే పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటాయి. దీన్ని గ్యారేజీలో క్యాట్ అంటారు. దానికి ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లు. ఆ తర్వాత కొన్ని స్వరాల మోతను అణిచే రెజొనేటర్, చివర్న మొత్తం చప్పుడు తగ్గించే మఫ్లర్ (ఆ వెనక డబ్బా).

పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్, వేడెక్కాక మాయం

ఎక్కడో జాయింటు లీకవుతోంది. వేడికి లోహం సాగి సందు మూసుకుంటుంది కాబట్టి చప్పుడు ఆగుతుంది, జబ్బు మాత్రం పోదు. చాలా కార్లలో ఇది మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే భాగం) గ్యాస్కెట్, అంటే జాయింటు మధ్య సీలు గానీ, దాన్ని బిగించే విరిగిన స్టడ్డు గానీ అయి ఉంటుంది. ఈ ఇంజిన్‌లో విడి మానిఫోల్డే లేదు, హెడ్‌లోనే పోతపోసి ఉంటుంది. కనుక ‘మానిఫోల్డ్ గ్యాస్కెట్ పోయింది సార్’ అన్నారంటే, దాన్ని ఒకసారి చూపించమనండి. ఇక్కడ అనుమానించాల్సినవి హెడ్‌కూ టర్బోకూ మధ్య గ్యాస్కెట్, టర్బోకు డౌన్‌పైప్‌ను పట్టి ఉంచే వీ-బ్యాండ్ క్లాంపు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక జాయింట్ల చుట్టూ నల్లటి మసి చార ఉందేమో చూడండి. కనబడకపోతే ఒక టెయిల్‌పైప్‌కు గుడ్డ కుక్కి, రెండోదాంట్లో బ్లోయర్ పెట్టి, జాయింట్ల మీద సబ్బునీళ్లు కొట్టండి. బుడగ లేచిన చోటే లీకు. కొత్త క్లాంపు, కొత్త గ్యాస్కెట్ వేస్తే సరిపోతుంది. ఫ్లాంజి (జాయింటు అంచు) వంగి ఉంటే మాత్రం ఎంత బిగించినా దండగే.

దీన్ని వదిలేస్తే మైలేజీ కూడా తగ్గుతుంది. సెన్సర్‌కు ముందు లీకుంటే, పొగ తోపుకూ తోపుకూ మధ్య బయటిగాలి లోపలికి వస్తుంది. ఆ ఆక్సిజన్‌ను చూసి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోలు చాలడం లేదనుకుని ఇంకాస్త పోస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి చేరే ప్రమాదం సరేసరి.

హైవే మీద బుర్ర తిరిగే బుయ్‌మనే మోత

కొత్త ఎగ్జాస్ట్ వేయించుకున్నవాళ్ల ఫిర్యాదు ఇది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ చుట్టుకు రెండుసార్లు పేలుతుంది. 2,400 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) దగ్గర సెకనుకు 80 పేలుళ్లు. క్యాబిన్ గాలి అలాంటి మంద్రస్వరాన్ని అందుకుని తానూ మోగుతుంది. కారణం దాదాపుగా రెజొనేటర్ పీకేసి నేరుగా పైపు వేయడమే. వేగం పెరుగుతుందని పీకుతారు గానీ, పెరిగేది మోత.

రెజొనేటర్ తిరిగి పెట్టించడం తేలిక దారి. లేదంటే మెయిన్ పైపుకు పక్కగా, కొస మూసేసిన గొట్టం వెల్డింగ్ చేయించాలి. అందులోకి వెళ్లిన ధ్వని తరంగం తిరిగొచ్చి అసలు తరంగాన్ని కొట్టేస్తుంది. పొడవు ఆ తరంగంలో నాలుగో వంతు ఉండాలి. వేడి పొగలో ధ్వని సెకనుకు 450 మీటర్లు పోతుందనుకుంటే, 80 హెర్ట్జ్‌కు దాదాపు 1.4 మీటర్లు. పక్క గొట్టంలో పొగ చల్లబడుతుంది కనుక ఇంకొంచెం పొట్టిగా సరిపోతుంది. ముందు మీ కారు మోత ఏ ఆర్‌పీఎంలో వస్తోందో రాసిపెట్టుకోండి. ఆ అంకె లేకుండా గొట్టం కోయించొద్దు.

చెక్ ఇంజిన్ లైటు, కోడ్ పీ0420

క్యాట్ సామర్థ్యం తగ్గిందని అర్థం. అంతమాత్రాన క్యాట్ కొనెయ్యకండి. ఇంజిన్ వేడెక్కాక స్కానర్‌లో (కారు కంప్యూటర్‌ను చదివే పరికరం) వెనక సెన్సర్ వోల్టేజీ చూడండి. 0.6-0.7 దగ్గర నిలకడగా ఉంటే క్యాట్ బతికే ఉంది, లీకు కోసం వెతకండి. 0.1కీ 0.9కీ మధ్య గబగబా ఊగుతుంటే క్యాట్ పని అయిపోయినట్టే.

క్యాట్ లేని డౌన్‌పైప్ వేసినవాళ్లకు ఈ కోడ్ రావడం సహజం. సాఫ్ట్‌వేర్‌తో లైటు ఆర్పించొచ్చు గానీ, చట్టాన్ని ఆర్పలేం. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

పై ఆర్‌పీఎంలో లాగదు

క్యాట్ లోపలి తేనెపట్టులాంటి జాలీ కరిగి దారి మూసుకుపోయి ఉండొచ్చు. ముందు సెన్సర్ తీసి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజి పెట్టించండి. 2,500 ఆర్‌పీఎం దగ్గర ఒత్తిడి 3 పీఎస్ఐ దాటితే అనుమానం గట్టిదే. క్యాట్ ఊరికే కరగదు. ఎక్కువగా మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా అంటుకోకపోవడం) వల్ల కాలని పెట్రోలు అందులోకి చేరి మండితే కరుగుతుంది. నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు, కాయిళ్లు సరిచేయకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది.

మిగతావి చిన్నవి. స్పీడ్ బ్రేకర్ మీద దడదడలాడితే పైపును వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లు చూడండి. ఒకే ఆర్‌పీఎంలో రేకు చప్పుడొస్తే అది హీట్ షీల్డ్ (వేడిని ఆపే రేకు), దానికో స్టీలు క్లిప్పు చాలు. టెయిల్‌పైప్ కొసన నల్లటి మసి కనబడితే కంగారు వద్దు, డైరెక్ట్ ఇంజెక్షన్ (సిలిండర్‌లోకే నేరుగా పెట్రోలు చిమ్మే) ఇంజిన్లకు అది మామూలే.