డ్రోన్‌తో సముద్రంలో గాలం వేయడం ఎలా?

న్యూజిలాండ్ పడమటి తీరంలో, నైంటీ మైల్ బీచ్ నుంచి మురివాయ్ దాకా, స్నాపర్ చేప చాలాసార్లు ఇసుక తిన్నెల అవతలే తిరుగుతుంటుంది. చేత్తో విసిరిన గాలం వంద మీటర్లు దాటడమే గగనం. ఆ మిగిలిన రెండు మూడు వందల మీటర్లు ఎరను మోసుకెళ్లి వదలడమే డ్రోన్ పని. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు కెమెరా గురించీ బ్యాటరీ గురించీ గంటలు గంటలు మాట్లాడతారు. గాలం దారం (లైన్) చుట్టుకునే రీల్‌ను మాత్రం గ్యారేజీలోంచి తీసింది తీసినట్టే పట్టుకొచ్చేస్తారు. డ్రోన్లు ఎక్కువగా నీళ్లపాలయ్యేది ఆ రీల్ వల్లే.

ముందుగా నిబంధనలు. న్యూజిలాండ్ పౌర విమానయాన నిబంధనల్లో పార్ట్ 101 ప్రకారం డ్రోన్ 120 మీటర్ల ఎత్తు దాటకూడదు, పగటిపూటే ఎగరాలి, బైనాక్యులర్ లేకుండా మీ కంటికి కనబడుతూ ఉండాలి. ఏరోడ్రోమ్‌కు (విమానాలు దిగే చోటుకు) 4 కిలోమీటర్ల లోపల ఎగరేయకూడదు, అనుమతి లేకుండా మనుషుల మీదుగానూ ఎగరేయకూడదు. మావిక్ సైజు డ్రోన్ 400 మీటర్లు దాటితే చుక్క అయిపోతుంది. కాబట్టి కిలోమీటరు దూరంలో ఎర వేశామని గొప్పలు చెప్పుకునేవాళ్ల మాట వినకండి. డాల్ఫిన్, సీల్ లాంటివి కనిపిస్తే 150 మీటర్లు దూరంగా ఉండాలి. పడమటి తీరంలో స్నాపర్ 27 సెంటీమీటర్లకు తగ్గితే నీళ్లలో వదిలేయాలి, మనిషికి రోజుకు పది చేపలే. తూర్పున ఆక్లండ్ వైపు 30 సెంటీమీటర్లు, ఏడు చేపలు. దక్షిణాఫ్రికాలో ఈ వేటే నిషిద్ధమని 2022లో ప్రభుత్వం తేల్చి చెప్పింది. ఆంధ్ర తీరంలో ప్రయత్నించాలనుకునేవాళ్లకు ఒక మాట: విదేశీ డ్రోన్ల దిగుమతి 2022 ఫిబ్రవరి నుంచి ఆగిపోయింది. విశాఖ విమానాశ్రయమేమో నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలోనే ఉంది. డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా అక్కడ దేన్నీ గాల్లోకి లేపకండి.

సామాను

900 గ్రాముల తరగతి డ్రోన్ (మావిక్ 2 ప్రో బరువు 907 గ్రాములు), దాని కింద బిగించే రిలీజ్ క్లిప్ (ఎరను పట్టి ఉంచి వదిలేది), 10000 సైజు స్పిన్నింగ్ రీల్, 12 అడుగుల రాడ్ (గాలం కర్ర), ఇసుకలో దిగేసే పొడవాటి రాడ్ హోల్డర్, 500 మీటర్ల బ్రెయిడ్ లైన్ (సన్నటి పోగులతో అల్లిన దారం), స్ప్రింగ్ త్రాసు, కారులోని రబ్బరు మ్యాట్. పక్కన ఇంకో మనిషి. ఒంటరిగా అయితే ఈ పని పెట్టుకోవద్దు.

రీల్ విషయంలో వాదనలున్నాయి. మల్టిప్లయర్ రీలే మేలనేవాళ్లు చాలామంది. కానీ డ్రోన్ వేగం తగ్గినా ఆ రీల్ స్పూల్ (లైన్ చుట్టి ఉండే చక్రం) తిరుగుతూనే ఉంటుంది, క్షణంలో లైన్ పిచ్చుక గూడైపోతుంది. స్పిన్నింగ్ రీల్‌లో స్పూల్ తిరగదు, లాగినంతే లైన్ వస్తుంది. ఇక వాదన అనవసరం.

లైన్ బ్రెయిడ్ అయి తీరాలి. 0.28 మిల్లీమీటర్ల బ్రెయిడ్ 400 మీటర్లు సుమారు 25 గ్రాములు తూగుతుంది. అంతే పొడవు 0.5 మిల్లీమీటర్ల నైలాన్ 90 గ్రాములు తూగుతుంది. లావు దాదాపు రెట్టింపు కాబట్టి పక్కగాలి కూడా అంత ఎక్కువగా నెడుతుంది.

ఎర కట్టడం

170 గ్రాముల ముళ్ల సీసం (ఇసుకలో పట్టు దొరికే బరువు), 7/0 సైజు సర్కిల్ గాలాలు రెండు, ఒక్కోదానికి 50 గ్రాముల ఎర, ట్రేస్ (గాలాలు కట్టే చివరి దారం), స్వివెల్ (మెలి పడకుండా తిరిగే కొక్కెం) అన్నీ కలిపి 300 గ్రాములు దాటనివ్వకండి. డ్రోన్ బరువులో మూడో వంతుకు మించి మోయించకూడదు. ఎర ముక్కను పొడుగ్గా, సన్నగా కోసి సాగే దారంతో బిగించి చుట్టండి. వెడల్పు ముక్క గాలికి గిరగిరా తిరిగి ట్రేస్‌ను మెలిపెట్టేస్తుంది. ఒకే లైన్‌కు 25 గాలాల దాకా చట్టం ఒప్పుకుంటుంది కదా అని లాంగ్‌లైన్ తగిలించే సరదా పెద్ద డ్రోన్లు ఉన్నవాళ్లకు వదిలేయండి.

సీసం ఉన్న కొసను క్లిప్‌కు తగిలించాలి. అప్పుడు ట్రేస్ డ్రోన్‌కీ మెయిన్ లైన్‌కీ మధ్య తిన్నగా సాగి ఉంటుంది, గాలాలు ఊగవు. క్లిప్‌కూ సీసానికీ మధ్య రెండు మీటర్ల నైలాన్ ఉంచండి. ఎర మరీ దగ్గరగా వేలాడితే కింది సెన్సర్లు దాన్నే నేల అనుకుంటాయి. డ్రోన్ దిగనని మొరాయిస్తుంది, లేదా సముద్రం మీదే ల్యాండింగ్ మొదలుపెడుతుంది. సెట్టింగుల్లో ల్యాండింగ్ ప్రొటెక్షన్ ముందే ఆపేయండి.

ఆ రెండు మీటర్ల నైలాన్ 2 కిలోలకు తెగిపోయేదై ఉండాలి. అది ఫ్యూజు. లైన్ ఎక్కడైనా బిగుసుకుని క్లిప్ జారకపోతే తెగాల్సింది అదే. క్లిప్‌ను స్ప్రింగ్ త్రాసుతో లాగి చూసి, 800 గ్రాములకూ కిలోకూ మధ్య జారేలా బిగించండి. క్లిప్‌నూ నైలాన్‌నూ తడిపి మరీ చూడండి. పొడిగా ఉన్నప్పుడు కిలోకు జారిన క్లిప్ తడిస్తే అరకిలోకే జారిపోవచ్చు. అప్పుడు ఎర మొదటి కెరటంలోనే పడుతుంది.

రీల్ నుంచి లైన్ వదలడం

ఇక్కడ తొందర పడకండి.

లైన్ మధ్యలో ఆగిపోవడానికి అసలు కారణం పోయినసారి వేటలోనే ఉంటుంది. చేప పడకపోతే లైన్‌ను వదులుగా గబగబా చుట్టేస్తారు. ఆ తర్వాత పెద్ద చేపో, గడ్డి చిక్కుకున్న సీసమో లాగినప్పుడు బిగువుగా వచ్చిన చుట్లు కింది వదులు చుట్లలోకి కోసుకుని దిగిపోతాయి. పైకి స్పూల్ నున్నగానే కనిపిస్తుంది. ఈసారి డ్రోన్ వేగంగా పోతూ సరిగ్గా ఆ చుట్టు దగ్గరికి వచ్చేసరికి గోడకు గుద్దుకున్నట్టు ఆగుతుంది.

కాబట్టి ఎగరేసే ముందు లైన్ కొసను కారు హుక్‌కు కట్టి, రాడ్ పట్టుకుని బీచ్ వెంట 400 మీటర్లు నడవండి. తిరిగొస్తూ తడిగుడ్డ మధ్య లైన్‌ను నొక్కి పట్టి, బిగువుగా చుట్టుకుంటూ రండి. పావుగంట పని. దీన్ని ఎగ్గొట్టేవాళ్లే తర్వాత డ్రోన్ కంపెనీని తిట్టుకుంటారు.

ఇప్పుడు రాడ్‌ను హోల్డర్‌లో నిలువుగా నిలబెట్టండి. కొన ఎంత ఎత్తున ఉంటే లైన్ అంత ఆలస్యంగా నీటిని తాకుతుంది. ఒడ్డు కెరటం లైన్‌ను పట్టుకుందంటే, అది లాగే బలం ముందు ఎర బరువు ఏపాటి! ట్రేస్‌ను సముద్రం వైపు ఇసుక మీద తిన్నగా పరవండి. బెయిల్ (స్పూల్ మీది లైన్‌ను ఆపే తీగ) తెరవండి. రెండో మనిషి చూపుడువేలు స్పూల్ అంచుకు ఆనీ ఆననట్టు ఉండాలి. పూర్తిగా వదిలేస్తే గాలికి చుట్లు ఎగిరి రాడ్ రింగుకు చుట్టుకుంటాయి. గట్టిగా నొక్కితే క్లిప్ జారుతుంది.

మ్యాట్ మీంచి డ్రోన్‌ను నిలువుగా లేపి, ఎర ఇసుక వదిలేదాకా ఆగండి. 25 మీటర్ల ఎత్తుకు చేరాకే ముందుకు కదపండి. మొదటి 50 మీటర్లు నడక వేగం, కెరటాలు దాటాక సెకనుకు ఐదు మీటర్లు. అంతకన్నా వేగం వద్దు, దారిలో ఎత్తు తగ్గించనూ వద్దు. రాడ్ దగ్గరున్న మనిషి చూడాల్సింది స్పూల్‌నే, ఆకాశాన్ని కాదు. మీ ఇద్దరికీ రెండు మాటలు చాలు: "ఆపు", "వదులు".

లైన్ బిగుసుకుంటే డ్రోన్ ముక్కు వంచి మోటార్లు రొద పెడుతుంది. అప్పుడు ఎవరి చేయైనా కంట్రోలర్ స్టిక్‌ను వెనక్కి లాగుతుంది. లాగారా, లైన్ వదులై కెరటాల్లో పడుతుంది, నీళ్లు దాన్ని గుంజుతాయి, డ్రోన్ కూడా దాని వెంటే పోతుంది. చేయాల్సింది స్టిక్‌లు వదిలేయడం. డ్రోన్ ఉన్నచోటే నిలబడుతుంది. ఆ వెంటనే ఎర వదిలేయండి. బటన్‌తో తెరుచుకునే క్లిప్ అయితే నొక్కండి. లాగితే జారే క్లిప్ అయితే రెండో మనిషి స్పూల్‌ను వేలితో అదిమిపట్టాలి, మీరు డ్రోన్‌ను నెమ్మదిగా ముందుకే నెట్టాలి. చిక్కు తర్వాత విప్పుకోవచ్చు. ఎర ఖరీదెంత, డ్రోన్ ఖరీదెంత?

వదిలాక

అనుకున్న చోట ఆగి, ఎర ఊగడం తగ్గేదాకా పది సెకన్లు చూసి, ఐదు మీటర్ల ఎత్తుకు దించి వదలండి. అంతకన్నా కిందికొస్తే కదిలే నీళ్లను చూసి సెన్సర్లు తికమకపడతాయి. బరువు పోగానే డ్రోన్ పైకి ఎగిరి గంతేస్తుంది, కంగారు పడకండి. తిరిగొచ్చేటప్పుడు లైన్ మీదుగా కాకుండా, గాలి వచ్చే వైపు 30 మీటర్లు పక్కకు జరిపి తీసుకురండి. అది పక్కకు తప్పుకున్నాకే బెయిల్ మూసి, సీసం బరువు చేతికి తగిలేదాకా లైన్ చుట్టాలి.

గాలి విషయంలో యాప్‌ను నమ్మకండి, నేలను చూడండి. పొడి ఇసుక పాదాల దగ్గర పాముల్లా పాకుతుంటే ఆ రోజుకు డ్రోన్ కారులోనే ఉండాలి. ఉదయం పూట నేల వైపు నుంచి సముద్రం మీదికి వీచే తేలికపాటి తూర్పుగాలి ఇక్కడ మంచిది. కానీ పోయేటప్పుడు తోసిన గాలే వచ్చేటప్పుడు ఎదురవుతుంది, బ్యాటరీ సగానికి తగ్గాక కొత్త ఎర కట్టకండి.

ఇంటికి బయలుదేరే ముందు మంచినీటితో తడిపి పిండిన గుడ్డతో డ్రోన్‌ను తుడవండి. మోటార్ల సందుల్లో ఇసుక ఉందేమో చేత్తో తిప్పి చూడండి, కరకర వినిపిస్తే ఊదేయండి. చివరిసారి లైన్ చుట్టేటప్పుడు వేళ్ల మధ్య తడిగుడ్డ మరచిపోకండి.