పాత స్వీడిష్ పాదిరి చిత్రం దొరికితే ముందు వెనక్కి తిప్పండి

మూడేళ్ల కిందట స్వీడన్‌లోని ఉప్సలాలో పాత సామాన్లమ్మే చోట నాకొక నూనెరంగుల చిత్రం దొరికింది. జానెడు పొడుగు. నల్ల అంగీ తొడుక్కున్న ముసలాయన. పేరూ లేదు, సంతకమూ లేదు. మేం గుంటూరు లూథరన్లం, పాదిరిగారిని అక్కడ వదిలేసి రాబుద్ధి కాలేదు.

మీకూ ఇలాంటిది దొరికితే మెత్తని తువ్వాలు పరిచి బోర్లా పెట్టండి. బొమ్మ గీసిన గుడ్డను చట్రానికి కొట్టింది చిన్న మేకులతోనా, స్టాప్లర్ పిన్నులతోనా? పిన్నులైతే ఈమధ్య ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. మూలల్లోని చెక్క చీలలు పీకకండి, గుడ్డ బిగువంతా వాటిదే. చీటీ అంటించి ఉంటే ఫొటో తీసుకోండి, గోకొద్దు. ఇక ముఖాన్ని భూతద్దంలో చూడండి. వరుసగా సన్నని చుక్కలు కనిపిస్తే అది అచ్చుబొమ్మే.

అసలు సంగతి మెడ దగ్గరుంది. గడ్డం కింద రెండు తెల్ల పట్టీలు వేలాడుతుంటే పాదిరి. 11 అంకెలా ఉంటాయని వాటిని ఇక్కడ ‘ఎల్వా’ అంటారు, అంటే పదకొండు. రొమ్ము మీద నల్ల రిబ్బనుకు తెల్ల సిలువ ఉందా? అది స్వీడన్ రాజు 1748లో నెలకొల్పిన ధ్రువనక్షత్ర పతకం కావచ్చు. పండితులకూ ఇచ్చేవాళ్లు. అది అందుకున్న మిగతావాళ్లను ‘రిద్దరె’, అంటే యోధుడు, అనేవాళ్లు. పాదిరికిస్తే మాత్రం ‘సభ్యుడు’. కత్తి పట్టే పేరు ఆయనకు నప్పదని కాబోలు.

పండితుడూ పాదిరీ ఒక్కడే ఎలా అయ్యాడంటారా? ఉప్సలా, లుండ్ విశ్వవిద్యాలయాల ప్రొఫెసర్లలో కొందరికి జీతం కింద ఒక పారిష్, అంటే ఒక పాదిరి కింద ఉండే ప్రాంతం, రాబడి రాసిచ్చేవాళ్లు. అది అందాలంటే పాదిరి పట్టం పుచ్చుకోవాల్సిందే. లుండ్‌లో గ్రీకు చెప్పిన కవి ఎసాయాస్ తెంగ్నేర్ 1824లో ఏకంగా వేక్షో బిషప్పుగా నియమితుడయ్యాడు.

చీటీ మీద ఊరి పేరుంటే ఆ డయోసిస్, అంటే బిషప్పు కింది ప్రాంతం, ‘హెర్దమిన్నె’ పుస్తకం తిరగెయ్యండి. ఏ పారిష్‌లో ఎప్పుడు ఏ పాదిరి ఉన్నాడో అందులో వరుసగా రాసి ఉంటుంది. ఆ పేరు దొరికాక, 1822లో మొదలైన గ్రిప్స్‌హోల్మ్ కోట చిత్రాల సేకరణలో ఆయన ముఖం ఉందేమో పోల్చుకోండి.

తుడవడం మాత్రం వద్దు. నేను తడిగుడ్డతో ఒక్కసారి రుద్దాను, భుజం దగ్గర నలుపు గుడ్డకంటుకుని వచ్చేసింది. పొడి మెత్తని కుంచెతో దుమ్ము దులపండి, అదీ రంగు ఎక్కడా లేవకపోతేనే. మిగతాది పని తెలిసినవాళ్లకు వదిలెయ్యండి. హీటరు పైనా, ఎండ పడే గోడకూ తగిలించొద్దు.

మా పాదిరిగారి పేరు ఇంకా తేలలేదు. వసారా గోడ మీద ఉన్నాడు. పిల్లలు పదకొండు తాత అంటారు.