మటన్ కూర పక్కన క్యాబేజీ సలాడ్ ఎలా చేయాలి?

నెల్లూరు, ఒంగోలు వైపు ఇళ్లల్లో మటన్ వండిన రోజు పక్కన ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క ఉంటే చాలనుకుంటాం. కానీ గసగసాలు, కొబ్బరి నూరి వేసిన కూర నాలుగు ముద్దలు తినేసరికి నోటికి బరువనిపిస్తుంది. మధ్యలో చల్లగా, పుల్లగా, కరకరలాడే క్యాబేజీ కాస్త తగిలితే కూర రుచి మళ్లీ కొత్తగా తెలుస్తుంది. పొయ్యితో పని లేదు, కూర ఉడికేలోపు అయిపోతుంది.

నలుగురికి కావలసినవి: అరకిలో క్యాబేజీ, చిన్న క్యారెట్, చిన్న ఉల్లిపాయ, 2 పచ్చిమిర్చి, 1 నిమ్మకాయ, 1 టీస్పూన్ మెత్తటి ఉప్పు, 1 టీస్పూన్ వేరుశనగ నూనె, అర టీస్పూన్ మిరియాల పొడి, కొత్తిమీర.

1. చేతికి గట్టిగా, సైజుకు మించి బరువుగా ఉన్న క్యాబేజీ తీసుకోండి. నొక్కితే లోపలికి పోయేది కూరకు పనికొస్తుంది గానీ దీనికి వద్దు.

2. పై ఆకులు రెండు తీసేసి, నాలుగు చెక్కలుగా కోసి ఉప్పునీళ్లలో 10 నిమిషాలు ఉంచండి. ఆకుల మధ్య పురుగులుంటే బయటికొస్తాయి. తర్వాత మంచినీళ్లతో బాగా కడగండి. ఇది పచ్చిగా తినేది కాబట్టి, మటన్ కోసిన చెక్క మీద, అదే కత్తితో మాత్రం తరగొద్దు.

3. మధ్యలోని గట్టి కాడ తీసేసి, వీలైనంత సన్నగా పోచల్లా తరగండి. లావుగా ఉంటే నమలడమే సరిపోతుంది, రుచి తెలియదు.

4. అసలు పని ఇక్కడే ఉంది. తరుగు మీద ఉప్పు చల్లి, చేత్తో రెండు నిమిషాలు మెల్లగా పిసికి 20 నిమిషాలు వదిలేయండి. ఉప్పు క్యాబేజీలోని నీటిని బయటికి లాగుతుంది. ఒక పోచ తీసి వంచి చూడండి. విరగకుండా వంగాలి, కొరికితే మాత్రం కరకరమనాలి. అప్పుడు గుప్పెడు గుప్పెడు తీసుకుని గట్టిగా పిండేయండి. గిన్నె అడుగున చేరిన నీళ్లు పారబోయండి, వాటితో పాటు పచ్చివాసన చాలావరకు పోతుంది. చాలామంది ఈ పని మానేస్తారు. దాంతో వడ్డించే వేళకు సలాడ్ నీళ్లోడి, కంచంలో కూరలోకి కారుతుంది.

5. క్యారెట్ తురుము, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మిరియాల పొడి, నూనె కలపండి. నిమ్మరసం వడ్డించే ముందు పిండండి. పొదలకూరు, గూడూరు నిమ్మతోటలు పక్కనే పెట్టుకుని సీసాలో వెనిగర్ కొనాల్సిన అవసరం మనకు లేదు. రుచి చూశాకే ఉప్పు సరిచేయండి, పిండినా కొంత ఉప్పు అందులోనే ఉంటుంది. చివర కొత్తిమీర.

ఆవాలు, కరివేపాకుతో పోపు పెట్టొచ్చా అని అడుగుతారు. పప్పన్నంలోకైతే బాగుంటుంది. మటన్ పక్కన వద్దంటాను. కూరలో ఉన్న నూనె, మసాలా చాలు, దీనికి పులుపు, చల్లదనం ఉంటే అదే పదివేలు. చాట్ మసాలా కూడా అంతే.

పిండిన తరుగును మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే ఇంకా బాగుంటుంది. నిమ్మరసం కలపని తరుగు మిగిలితే, ఫ్రిజ్‌లోనే దాచి మర్నాడు పెసరట్టు మీద ఉల్లిపాయలతో పాటు చల్లుకోండి.